సున్నం పూసిన రాళ్లు

పెద్ద అధికారి వస్తున్నాడని రాళ్లకు సున్నం పూయమంటే పూయనన్నందుకు, సంగారెడ్డి బంగళా తోటమాలి సాదుల్లాను సంజాయిషీ అయినా అడగకుండా పనిలోంచి తీసివేశారు. జపాన్ చూసివచ్చిన నవాబు వేయించిన ఆ తోటలో అతడు పద్దెనిమిదేళ్లు రాళ్ల మీద నాచు పెంచాడు. వానకాలం నాచు తనంతట తాను పచ్చబడేది. చలికాలం దానిపై రాలిన ఆకులను, చీపురు తగలనీయక, చేత్తో ఏరేవాడు. ఎండాకాలం తడి గోనెపట్టాలు కప్పి బతికించేవాడు. ఇప్పుడు ప్రతి శుక్రవారం నమాజు ముగించుకొని గేటు దాకా వస్తాడు. ఊచలు ముట్టుకోడు. చేతులు వెనక్కి కట్టుకొని, తెల్లబడ్డ రాళ్లను ఒక్కొక్కటిగా చూస్తాడు.

మొన్న శుక్రవారం కావలివాడు ఐలన్న నవ్వాడు. "ఏంది మియా, అలిగిపోయిన బీబీ కోసం వచ్చినట్టు వస్తవు?"

"బీబీ అయితే తిడుతుండె. ఇవి తిట్టవు. ఐలన్నా, కొలను పక్క పెద్ద బండ వెనుక జెర సూడు. సున్నం అంటనిదేమన్న మిగిలిందా?"

ఐలన్న వెళ్లి, వంగి చూసి వచ్చాడు. "ఉన్నది. రూపాయి బిళ్లంత పచ్చగున్నది."

సాదుల్లా గేటు ముందే చతికిలబడ్డాడు. "గదే సాలు, మళ్ల పాకుతది. గని వాన పడకముందే సున్నం గీకాలె. లేకుంటే గది కరిగి దాన్ని గూడ కాలుస్తది."

బంగళా అధికారులారా, ఇతన్ని ఏ నిబంధన కింద తీసివేశారో రాతపూర్వకంగా చెప్పండి. చెప్పలేకపోతే ఈరోజే గేటు తీయండి. మృగశిరకు తొమ్మిది రోజులే ఉన్నాయి.