సంయుక్త ఇంట్లో రెండో వైఫై

చిక్కడపల్లిలో ఆడవాళ్ల కేసులు వాదించే లాయరు సంయుక్తకు ఇంట్లోనే ఆఫీసు. మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్లు, ఇంకెవరికీ చెప్పుకోలేనివాళ్లు వచ్చి చెప్పిన మాటలు ఆమె కంప్యూటర్లో రికార్డయి ఉంటాయి.

ఒకప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలందరికీ వైఫై పాస్‌వర్డ్ ఇచ్చేసేది. పోయిన వేసవిలో ఓ బంధువు హాల్లోని స్మార్ట్ స్పీకర్లో పాట పెట్టబోయి, అదే వైఫైలో ఉన్న ఆఫీసు కంప్యూటర్లోంచి ఫోన్లో కనిపించిన మరేదో ఫైలు నొక్కాడు. భర్త తననెలా కొట్టాడో ఒకామె ఏడుస్తూ చెబుతున్న గొంతు ఇల్లంతా వినిపించింది. సంయుక్త పరుగున వచ్చి ప్లగ్గు పీకేసింది. మర్నాడే ఆ కక్షిదారును పిలిచి, జరిగింది చెప్పి క్షమించమంది. ఆమె తన కాగితాలు తీసుకుని వేరే లాయరు దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ ఏడు పెద్దమ్మ నర్సింహమ్మ కంటి ఆపరేషన్ కోసం కొడుకు సృజన్‌తో వచ్చి దిగింది. షుగరు తగ్గడం లేదని నారాయణగూడ ఆసుపత్రిలో వాయిదా వేస్తున్నారు. టీవీ కనపడని తల్లికి భజనలు పెడదామని సృజన్ పాస్‌వర్డ్ అడిగాడు. సంయుక్త ఇవ్వలేనంది.

“మేం గూడ పరాయోళ్లమేనా అక్కా?”

ఆమె వాదించలేదు. రౌటర్లో అతిథుల కోసం వేరే వైఫై తెరిచింది. దాన్నుంచి ఆఫీసు కంప్యూటరు కనపడదు. హాల్లోంచి తెచ్చి పెద్దమ్మ గదిలో పెట్టిన స్పీకర్లో తన ఖాతా తీసేసి, దాన్ని కొత్త వైఫైకి కలిపి, ఆ పాస్‌వర్డ్ సృజన్‌కు చెప్పింది. భజనలు మోగాయి గానీ అతని ముఖం ముడుచుకునే ఉంది.

సాయంత్రం అతను మందులకు వెళ్లినప్పుడు నర్సింహమ్మ పిలిచింది.

“గంతగనం దాచేటివి ఏమున్నయ్ బిడ్డా?”

“నావి కావు పెద్దమ్మా. నన్ను నమ్మి చెప్పుకున్నోళ్లవి.”

నర్సింహమ్మ స్పీకర్ ఆపమంది.

“షుగర్ గోలీలు మింగుతలేను. ఏసుకుంటే కండ్లు తిరుగుతున్నయ్. ఒకపారి బాత్రూంల పడ్డ. పోరడు పరేషాన్ అయితడని చెప్పలే. నువ్వు సుత చెప్పకు.”

సంయుక్త తను చెప్పనని మాటిచ్చింది. కానీ డాక్టరుకు నువ్వే చెప్పాలని చెయ్యి పట్టుకుని బతిమాలింది.

మర్నాడు డాక్టరు ముందు నర్సింహమ్మే నోరు విప్పింది. తల్లి పడిన సంగతి సృజన్‌కు అప్పుడే తెలిసింది. పాత మందుల చీటీ తీసి డాక్టరు ముందు పెట్టాడు. డాక్టరు గోలీలు మార్చాడు. షుగరు దిగొచ్చాక ఆపరేషన్ జరిగింది.

సృజన్ అలక పూర్తిగా తీరిందో లేదో సంయుక్తకు తెలియలేదు. ఊరెళ్లే రోజు నల్లద్దాలు పెట్టుకున్న తల్లిని రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దించుకుంటూ వెళ్లాడు.