గుమ్మం దాటని ఎడ్లు

భద్రాచలంలో మా ముందుగదిలో రెండేళ్లుగా ఒక సైన్యం నడుస్తోంది. వెనకటి కాలపు ఫిరంగి ఒకటి, దాన్ని అడవి దారి బురదలో లాగుతున్న ఎడ్ల జతలు, పక్కనే వాటి రైతులు. అన్నీ వేలెడంత బొమ్మలు. చరిత్ర పుస్తకంలో రాజు ఉంటాడు, ఫిరంగి ఉంటుంది. ఎవరి కొట్టంలోంచి ఎడ్లను తోలుకుపోయారో ఉండదు. ఏళ్ల తరబడి ఈ మాట సభల్లో అరిచి చెప్పాను. చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. కళ్లకు చూపిస్తే కాదనలేరు కదా అని ఈ నమూనా మొదలుపెట్టాను. ఎడ్లన్నీ గోదావరి ఒండ్రుమట్టివే. ఎండబెట్టాను గాని కాల్చలేదు. కాలిస్తే సన్నటి కాళ్లు పగిలిపోతున్నాయి.

ఈ వానాకాలం రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికి మా వీధి మొదట్లోకి నీళ్లొచ్చాయి. ఆటో నడిపే పక్కింటి తమ్ముడు వచ్చి నమూనాకు ఒక చెయ్యి వేశాడు. అది గుమ్మంలో పట్టలేదు. రెండు ప్లైవుడ్ చెక్కలను గదిలోనే కలిపి బిగించినవాణ్ని నేనే. గుమ్మం కొలవాలని తోచలేదు. ఏటవాలుగా వంచితే ఎడ్లు రాలిపోతాయి.

"ఒక్కోటి పీకుండ్రి, డబ్బల సర్దుకపోదాం" అంది మా ఆవిడ.

ఒకదాన్ని పట్టి లాగాను. ఒళ్లు చేతిలోకి వచ్చింది, కాళ్లు బురదలో ఉండిపోయాయి. రెండోదాన్ని ముట్టుకోలేదు.

"సార్, గోదారమ్మకు ఒక కొబ్బరికాయ కొట్టుండ్రి. నేనెవ్వరికీ చెప్ప" అన్నాడు తమ్ముడు.

ఎగువన వానలు పడితే నది పొంగుతుంది, కొబ్బరికాయకు తగ్గదన్నాను.

"అవ్ సార్, మొన్ననే చెప్పిండ్రు. ఇప్పుడైతే ఆటో ఎక్కుండ్రి."

మంచం మీద బల్ల వేసి, ఆ బల్ల మీద నమూనాను పెట్టి, ఇంటికి తాళం వేశాం. కిందటి వరదకు నీళ్లు కిటికీ సగందాకా వచ్చాయి. బల్ల ఎత్తు కూడా దాదాపు అంతే.

ఖమ్మంలో మా చెల్లెలి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. ఎగువన వదిలిన నీరు భద్రాచలం ఎప్పటికి చేరుతుందో లెక్క కట్టడం నాకు తెలుసు. బల్ల ఎప్పుడు మునుగుతుందో తెలుసుకోవడానికి తప్ప ఆ లెక్క దేనికీ పనికిరాలేదు.

మా ఆవిడ ఆ ఇంటి దేవుడి పటాల ముందు నిలబడి వచ్చింది. ఏం మొక్కావని అడిగాను.

"ఏం మొక్కుత? మీ ఎడ్ల గురించే."

దేవుడు లేడని జన్మంతా చేసిన వాదన నాలుక మీదికి వచ్చింది. ఆ వాదన ఇప్పటికీ నిజమే. కాని ఆమెకు చేయడానికి ఒక పనైనా దొరికింది, నాకు అదీ లేదు. టీవీలో నీటిమట్టం ఇంకో అడుగు పెరిగిందని చెబుతున్నారు.