బాషా భాయ్ జేబులో బోల్టు

మంగళవారం పొద్దున కువైట్ ఫర్వానియాలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. బాషా భాయ్‌తో ఒకే గదిలో ఉండే హుస్సేను గొంతు. "రమణన్నా, భాయ్ పోయినాడు. ఫజర్ నమాజు చేసుకోని పండుకున్యాడు, మళ్ల లెయ్యల్యా" అన్నాడు. నేను ఎక్కవలసిన బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఆ దుర్వార్త వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయన బతికి ఉండగా నలుగురిలో చెప్పవలసిన మాట ఒకటి నా గొంతులోనే ఉండిపోయింది. అది ఇక్కడ చెబుతాను.

రాయచోటి వాస్తవ్యులు షేక్ మహబూబ్ బాషా గారు ఇరవై ఎనిమిదేళ్ళు కువైట్‌లో తుపాకుల మరమ్మతు పనికి జీవితాన్ని ధారపోశారు. నగరానికి దూరంగా, ఎడారి అంచున ఉన్న షూటింగ్ రేంజిలో మా వర్క్‌షాపు. వెయ్యి మీటర్ల పోటీలకు రైఫిల్ చేయించుకోవాలనుకున్న వాళ్ళంతా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. అంతటి పనివాడికి తుపాకీ చప్పుడంటే మహా చిరాకు. ఒక్క పిట్టను కొట్టి ఎరుగరు. చక్కెర డబ్బాకు తాళం వేసుకునే పిసినారి కూడా, ఈ మాట ఆయన ముందే ఎన్నోసార్లు అన్నాను.

తూటాను గొట్టం వెనకున్న గదిలోకి నెట్టి, వెనక నుంచి గడియలా బిగించే భాగాన్ని యాక్షన్ అంటారు. అందులో ముందుకూ వెనక్కూ జరిగే కడ్డీ బోల్టు. వచ్చినవాళ్ళు ముందుగా తూటా పేరు చెప్పేవారు, అదీ ఉన్నవాటిలోకెల్లా పెద్దది. భాయ్ తూటా మాట ఎత్తనిచ్చేవారు కాదు. ఎంత దూరం, ఏ గురి, రోజుకు ఎన్ని కాలుస్తావు, భుజం ఎంత దెబ్బకు ఓర్చుకుంటుంది అని అడిగేవారు. ఆ తర్వాతే తూటా, ఆ తూటా పొడవుకూ బలానికీ తగిన యాక్షన్. "తూటాను ఎంచేటప్పుడు గురిని చూడు అబ్బీ. యాక్షన్ను ఎంచేటప్పుడు దాని ఎనకాల మొగం పెట్టేవాన్ని చూడు" అనేవారు. ఆ పనిలో నేను నేర్చుకున్నదంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

ఆయనకో అలవాటుండేది. చేతిలో ఉన్న రైఫిల్ బోల్టును ఊడదీసి తన నీలం కోటు జేబులో వేసుకుని తిరిగేవారు. తనకు తృప్తి కలిగేదాకా అది బయటికి వచ్చేది కాదు. బోల్టు భాయ్ జేబులో ఉంటే పని ఇంకా అవలేదని వర్క్‌షాపులో లెక్క. ముదీర్ కూడా, అంటే మా మేనేజరు, ఆ జేబు వంక చూసి గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

ఒకసారి ఒక కువైటీ పెద్దమనిషి కాలం చేసిన తన తండ్రి రైఫిల్ తెచ్చాడు. పొట్టి యాక్షన్, పాతకాలపు ఉక్కు. దానికి మాగ్నమ్ అనే లావు తూటా పట్టే గొట్టం బిగించి వెయ్యి మీటర్ల పోటీలో దిగాలని ఆయన కోరిక. గొట్టం విదేశం నుంచి ముందే తెప్పించాడు కూడా. భాయ్ బల్ల మీద రెండు తూటాలు నిలబెట్టారు, ఒకటి లావు మాగ్నమ్, ఒకటి ఆరున్నర మిల్లీమీటర్ల సన్నది. వెయ్యి మీటర్ల అవతల కాగితానికి చిల్లు పెట్టడానికి సన్నది చాలునని, పొట్టి యాక్షన్‌లో చక్కగా ఇమిడిపోతుందని అరబీలో ఓపికగా చెప్పారు. మాగ్నమ్ అడుగు పట్టాలంటే బోల్టు మూతిని కోసి వెడల్పు చేయాలి, ఈ ఉక్కు ఆ ఒత్తిడికి ఆగదు అన్నారు. పెద్దమనిషి మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. భాయ్ బోల్టును జేబులో వేసుకున్నారు. "లావుది ఊరేగింపుకప్పా. గురికి ఇది" అని సన్న తూటాను నా చేతిలో పెట్టారు.

ఆ శుక్రవారం భాయ్ కోటు మేకుకు తగిలించి జుమ్మా నమాజుకు వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే ముదీర్ వచ్చాడు. "నీ ఇఖామా కాగితం నా టేబుల్ మీదే ఉంది. మధ్యాహ్నానికి ఆ రైఫిల్ రేంజి మీద ఉండాలి, ఖలాస్. మీ పెద్దాయనకు చెప్పు" అని హిందీలో అనేసి పోయాడు. నేను భాయ్‌కి చెప్పలేదు. చెబితే ఏమంటారో నాకు తెలుసు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, పోతే నా గతేమిటన్నది తప్ప ఇంకేమీ తోచలేదు. మేకుకున్న కోటు జేబులో చెయ్యి పెట్టాను. బోల్టును లేతు మీద బిగించి మూతి కోశాను. గొట్టం బిగించి రైఫిల్ పంపించేశాను.

భాయ్ తిరిగొచ్చి కోటు తొడుక్కుని జేబు తడుముకున్నారు. నా వైపు చూశారు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తారు, వెనకే నేను. పెద్దమనిషి చాప మీద బోర్లా పడుకుని, చెంప బోల్టు వెనక ఆనించి ఉన్నాడు. మ్యాగజైన్‌లో పట్టని ఆ పొడుగు తూటాను చేత్తోనే గదిలో పెట్టి ఉన్నాడు. వేలు ట్రిగ్గర్ మీదికి జరుగుతోంది. అరిస్తే ఉలిక్కిపడి నొక్కేస్తాడు. భాయ్ మెల్లగా ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "సయ్యిదీ, దఖీఖా" అన్నారు, అయ్యా ఒక్క నిమిషం అని. ఆ వేలు ఆగింది. భాయ్ చెయ్యి బోల్టు పిడి మీద పడింది. పిడి పైకి లేచింది, తూటా బయటికి వచ్చింది.

రైఫిల్‌ను ఇనుప చట్రంలో బిగించి, ఆ ఉక్కు ఆగదని చూపడానికి ఇసుక మూటల వెనక నుంచి తాడు లాగి భాయే కాల్చారు. చప్పుడు వేరుగా వచ్చింది. బోల్టు ఒక పట్టాన తెరుచుకోలేదు. సుత్తితో కొట్టి తీస్తే దాన్ని పట్టి ఉంచే రెండు చెవుల్లో ఒకటి చిట్లి ఉంది. చట్రం మీద మొహం లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. తండ్రి జ్ఞాపకం పాడైందని పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముదీర్ మండిపడి, "మిను సవ్వా హాదా?" అన్నాడు, ఇది చేసిందెవరని. భాయ్ వెంటనే "అనా" అన్నారు, నేనే అని.

మరునాటి నుంచి ముదీర్ లేతు నాకిచ్చాడు. భాయ్‌ని తుపాకులు తుడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నా ఇఖామా వచ్చింది. అది వచ్చిన రోజు బస్సులో "ఎందుకట్ల చెప్తివి భాయ్?" అని అడిగాను. "నా పిల్లోళ్ళు గట్టెక్కినారు. నీకింకా ఈడ పని కావల్ల. నువ్వు మాత్రం ఇంకోసారి దాని ఎనకాల మొగం ఎవురిదో చూడకుండా కొయ్యొద్దు" అన్నారు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. చివరి వరకూ తుడిచే బల్ల దగ్గరే పనిచేశారు.

మంగళవారం సాయంత్రం ఇక్కడి ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చాం. మావాళ్ళలో ఒకాయన, "మంచి పనోడే, పాపం. ఆ ఒక్క బోల్టు కాడ చెయ్యి తప్పె" అన్నాడు. అందరూ తలూపారు. నేను తల వంచుకున్నాను. ఎంత సిగ్గుమాలినవాణ్ణో ఆ క్షణంలో నాకే తెలిసింది.

నిన్న హుస్సేను భాయ్ నీలం కోటు తెచ్చి నాకిచ్చాడు. "ఇది నీకే ఇమ్మని ఎప్పుడో చెప్పినాడన్నా" అన్నాడు. జేబు బరువుగా ఉంది. చెయ్యి పెడితే చెవి చిట్లిన ఆ బోల్టు తగిలింది. ఇన్నేళ్ళూ అది ఆయన జేబులోనే ఉంది. ఆ పని ఇంకా అవలేదనే ఆయన లెక్క.

ఆ బోల్టు కోసింది రమణ. మహబూబ్ బాషా గారి చెయ్యి ఎన్నడూ తప్పలేదు. మా వర్క్‌షాపులో తన చెయ్యి తప్పలేదని చెప్పుకోగల పనివాడు ఇక ఒక్కడూ లేడు.