జరగని కచేరీకి నాలుగు వందల మంది

గత నెల ఒక ఆదివారం సాయంత్రం ఆరున్నరకి సోమాజిగూడలోని చిన్న హాలులో యువ గాయకుడు రిషి సొంత పాటల కచేరీ కన్నుల పండువగా జరిగింది. నాలుగు వందల మంది శ్రోతలు హాజరయ్యారు. కరతాళ ధ్వనులతో హాలు మారుమోగింది. ఈ సంగతి సోమవారం పొద్దున ఒక పేపరు ఐదో పేజీలో చదివి కాస్త ఆశ్చర్యపోయాను. ఎందుకంటే మా స్వరాజ్యం గారు రమ్మంటే వెళ్లి, ఆ సాయంత్రం నేను ఆ హాలులోనే ఉన్నాను. కరెంటు లేదు. మైకు సెట్టు వాళ్ల వ్యాను పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద మోకాలి లోతు నీళ్లలో ఆగిపోయింది. గాయకుడు ఆ వ్యానులోనే ఉన్నాడు. వాచ్‌మన్‌తో కలిపి మేం హాజరైంది నలుగురం. పక్కనున్న రెండు సున్నాలూ స్వరాజ్యం గారివి.

స్వరాజ్యం గారిది తెనాలి. అమీర్‌పేటకి కాపురానికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. కోచింగ్ సెంటర్ల సందులో, కింద జావా, మధ్యలో పైథాన్, వాటి నెత్తిన ఆవిడ డీటీపీ సెంటరు. పెళ్లి కార్డులూ ప్రాజెక్టు రిపోర్టులూ ఎవరైనా చేస్తారు. ఆవిడ చెయ్యి తిరిగింది ప్రెస్ నోట్లలో. రక్తదాన శిబిరమైనా, కుట్టుమిషన్ల పంపిణీ అయినా, ఆవిడ నోటు వెళ్లిందంటే నాలుగు లైన్లయినా పడుతుందని పేరు. దానికో పద్ధతుంది. పేపరు వాళ్లు సిటీ పేజీ ఆరింటికి మూసేస్తారు. సభలేమో ఆరున్నర దాటాక మొదలవుతాయి. అంచేత ఆవిడ కాగితం మీద సభ నాలుగింటికే అయిపోతుంది. శాలువా ఇంకా కొట్లో ఉండగానే కప్పించేస్తారు.

“నేను అబద్ధం రాయనండీ. ముందు రాస్తాను, అంతే” అంటారు. ఆవిడ రాసినవన్నీ ఆ తర్వాత బుద్ధిగా జరుగుతూ వచ్చాయి కూడా.

రిషిది బల్కంపేట. పాట తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడి ఫోన్లో పెడతాడు. ఏ సినిమాకీ కాదు. వాళ్ల నాన్న రాజనర్సయ్యకి అర్థం కానిది అదే. ఆయన నల్లా ఆఫీసులో వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. “సిన్మా లేని పాటేందిరా?” అని కొన్నాళ్లు అడిగి, చివరికి గడువు పెట్టాడు. బోనాలలోపు కొడుకు పేరు పేపర్లో రావాలి. వస్తే ఇంకో ఏడాది పాడుకోవచ్చు. రాకపోతే మేనమామ టైల్స్ షాపులో కూర్చోవాలి.

రిషి తనే ఒక నోటు రాసుకుని మేడెక్కాడు. స్వరాజ్యం గారు కళ్లజోడు సవరించుకుని చదివారు.

“ఏంటిది నాన్నా, ‘ఆత్మను తాకే శబ్ద ప్రయాణం’ అని రాశావు? ఎక్కణ్ణించి ఎక్కడికి?”

“ఇంటర్నెట్ల అందరు గట్లనే రాస్తరు ఆంటీ. ఇండిపెండెంట్ మ్యూజిక్ అంటే జర స్టైల్ ఉండాలె.”

“పేపరాయన స్టైలు చూడడు. ముఖ్య అతిథిని చూస్తాడు. ఎవరు?”

“ఎవ్వరు లేరు. మస్తు మందిని అడిగిన.”

ఆవిడ కీబోర్డు మీంచి చేతులు తీసేశారు. “పాటగాడు పాడితే వార్తేంటి నాన్నా? అతిథి మెచ్చుకుంటే వార్త. మీ నాన్నగారు రారూ?”

“నేను పాడుతుంటే బాపు ఫ్యాను ఐదు మీద పెడ్తడు ఆంటీ.”

“పిలు, వస్తారు” అంటూనే ఆవిడ టైపు చేసేశారు: ‘ముఖ్య అతిథిగా విచ్చేసిన సామాజికవేత్త రాజనర్సయ్య మాట్లాడుతూ, యువత సినిమాల మీద ఆధారపడకుండా సొంత పాటలు రాసుకోవాలని పిలుపునిచ్చారు. పిల్లల కళను తల్లిదండ్రులు ప్రోత్సహించాలన్నారు.’

“సామాజికవేత్తనా? బాపు నల్లా ఆఫీసుల చేసిండు!”

“వీధివీధికీ నీళ్లిచ్చారు. ఇంతకన్నా ఏం చెయ్యాలి?”

ఆదివారం నాలుగింటికి నోటు వెళ్లింది. ఐదింటికి వాన మొదలైంది. వ్యానులోంచి రిషి ఫోను చేశాక ఆవిడ పేపరాఫీసుకి ఫోను కొట్టారు. పేజీ వెళ్లిపోయిందన్నారు.

సోమవారం నేను పేపరు పట్టుకుని మేడెక్కేసరికి ఆవిడ కంప్యూటరైనా ఆన్ చెయ్యలేదు. పప్పు మాడ్చిన ముఖంతో కూర్చున్నారు. “రాసింది జరక్కపోవడం ఇదే మొదలండీ” అన్నారు.

ఎదురుగా స్టూలు మీద రిషి. వాడి దిగులు వాడిది. “పేరైతే వచ్చింది ఆంటీ. గని నేను తడిసి ఇంటికి పోయిన గదా, పాడలేదని బాపుకు ఎర్కే. గిది చెల్లదంటడు. ఇగ టైల్స్ షాపే నాకు.”

అంతలో మెట్ల మీద ఆయాసం వినిపించింది. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో రాజనర్సయ్యే ఎక్కి వచ్చాడు. చంకలో అదే పేపరు నాలుగు కాపీలు. రిషి ప్రింటరు వెనక్కి జరిగాడు.

“స్వరాజ్యమంటే ఎవరమ్మా?”

“నేనే అన్నయ్యగారూ. కూర్చోండి.”

“కూసోను. పొద్దుగాల ఆరింటి సంది ఒకటే ఫోన్లు. మా పాత ఆఫీసరు సుత చేసిండు. ‘నర్సయ్యా, మంచి మాట చెప్పినవ్’ అంటుండు. నౌకరి చేసినన్ని రోజులు ఒక్కపారి మంచిగ మాట్లాడలే గా మనిషి!” ఆయన గొంతులో కోపం ఉందిగానీ, ఎందుకో నిలకడగా లేదు. “టైల్స్ షాపు మా బామ్మర్దేమో, ‘పోరన్ని పాడుకోనీ బావా, పేపర్లనే చెప్పినవ్ గదా, నేను ఇంకొకర్ని సూస్కుంట’ అని ఫోన్ పెట్టేసిండు. ఇప్పుడు నేనేమనాలె?”

రిషి ప్రింటరు వెనకనుంచి సగం తల బయటపెట్టాడు.

రాజనర్సయ్య సాక్ష్యానికని చొక్కా జేబులోంచి ఆ వార్త ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. దానికి అప్పుడే లామినేషన్ అయిపోయింది. కింద జావా పక్క షాపులోనే చేయించినట్టుంది, ఇంకా వేడిగా ఉంది.

“ఇగో, ‘ప్రోత్సహించాలన్నారు’ అని ఉంది. నేను ఇంట్లకెల్లి కాలు బయటపెట్టలే. అనని మాట అన్ననని ఎట్ల రాస్తవమ్మా?”

స్వరాజ్యం గారు లామినేషన్ వంక చూశారు. ప్రింటరు వెనక తలని చూశారు. కంప్యూటరు ఆన్ చేసి అన్నారు:

“కచేరీ వచ్చే ఆదివారానికి వాయిదా పడింది అన్నయ్యగారూ, అప్పుడొచ్చి అనెయ్యండి.”