మిద్దె మీది చుట్టాలు

జమ్మలమడుగులో మా ఇంటాయన మమ్మల్ని ఎవరికి చూపించినా "మా చుట్టాలప్పా" అనేవాడు. రంగుటద్దాల కిటికీలు, టేకు మెట్లు ఉన్న అంత గొప్ప మిద్దె ఆ ఊళ్లో ఇంకోటి లేదు. వరసగా వానలు తప్పేసరికి పైభాగం మాకిచ్చి, తాను కింద సర్దుకున్నాడు. భూములున్న మనిషి ఇల్లు బాడుగకివ్వడం అక్కడెంత నామోషీయో గుంటూరు నుంచి బదిలీ మీదొచ్చిన మా నాన్నకు తెలీదు.

ఓరోజు కాఫీ హోటల్లో, ఆయన పక్కనుండగానే, ఎవరో నాన్ననడిగారు.

"ఈయప్ప మీకేం వరసైతాడు సార్?"

"వరసేమిటండీ, వాళ్లింట్లో అద్దెకుంటున్నాం!"

హోటలంతా గొల్లుమంది. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, కాఫీ తాగకుండానే లేచిపోయాడు. ఇంటికొచ్చాక అమ్మ తిడితే గానీ తానేం చేశాడో నాన్నకు ఎక్కలేదు.

మేం ఊరు వదిలేరోజు మా ట్రంకుపెట్టె ఆయనే బస్సు దాకా మోసుకొచ్చాడు.

"ఎవురప్పా వీళ్లు?" అన్నాడు కండక్టరు.

ఆయన అలవాటుగా నోరు తెరిచి, నాన్న వైపు చూసి ఆగిపోయాడు.

"మా మిద్దెలో బాడుగకుండినోళ్లు," అన్నాడు తలొంచుకుని.

బస్సు కదిలింది. నాన్న కిటికీలోంచి సగం బయటికి వంగి, "చుట్టాలమేనండీ! చుట్టాలమే!" అని అరిచాడు.

ఆయన అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు.