దండ కింద లోలాకు

నా మెడలో ఉండే నగని సినిమావాళ్ళు డ్రాప్ నెక్లెస్ అనేవారు. మా పిన్ని మాత్రం ఒంటి లోలాకు అనేది. పిన్ని మాటే సరైనది. ఆవిడ పెళ్ళినాటి లోలాకుల్లో ఒకటి ఎక్కడో జారిపోతే, మిగిలినదానికి రాజమండ్రిలో కంసాలి చేత కొక్కెం పెట్టించి, సన్నటి గొలుసుకి తగిలించి నాకిచ్చింది. చిటికెన వేలి గోరంత కెంపు, దాని చుట్టూ ముత్యాలు. "జత లేనిది నాకెందుకే, నువ్వు పెట్టుకో" అంది. అప్పటికి నా పెళ్ళి పెటాకులై పుట్టింట్లో కూర్చున్నాను. ఆ మాట ఆలోచించి అన్నదో, నోరు జారిందో తెలియదు. కోపమైతే వచ్చింది గానీ, నెక్లెస్ మాత్రం తీసుకున్నాను.

ఎనభైల చివర్లో అది మెడలో వేసుకునే హైదరాబాద్ వచ్చాను. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని ఇటు చేరుతున్న రోజులవి. నాటకాలాడిన కాస్త అనుభవం ఉందని, నాకూ ఏదో ఒక వేషం దొరక్కపోతుందా అనుకున్నాను. మధురానగర్‌లో మేడ మీద ఒక గది తీసుకున్నాను. పొద్దున్నే బస్సెక్కి, దిగి, ఫిల్మ్‌నగర్ గుట్టలెక్కి ఆఫీసుల చుట్టూ తిరిగేదాన్ని. పెళ్ళి సీనులో అక్షింతలు వేసే ముత్తయిదువ, ఆసుపత్రి వరండాలో ఏడ్చే బంధువు, పేరంటంలో వెనక వరస. అవీ నా వేషాలు.

మా బోటి చిన్న వేషాలవాళ్ళు చీరలూ నగలూ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. చీరలైతే నాలుగు రకాలున్నాయి గానీ, చూపించుకోదగ్గ నగ ఇదొక్కటే. అందుకని ఆ ఒక్కదాన్నే పది నగల్లా కనిపించేలా చేయడం నేర్చుకున్నాను. పట్టుచీర కడితే లోలాకు గొంతు గుంటలోనే కూర్చోవాలి, కిందకి దిగిందా జరీ దాన్ని మింగేస్తుంది. షిఫాన్‌కి పొడవాటి గొలుసు. వెంకటగిరి నేతచీరకి గొలుసు తీసేసి నల్లతాడు కట్టేదాన్ని. అలా కడితే బడిపంతులమ్మనైపోయేదాన్ని. మెరూన్ మీద కెంపు చచ్చిపోతుంది, చిలకపచ్చ మీద లేచి కూర్చుంటుంది. ఇక బోట్‌నెక్ జాకెట్ అంటే నాకు ఒళ్ళుమంట. లోలాకు సగం ఒంటి మీద, సగం గుడ్డ మీద పడి పక్కకి వాలిపోతుంది. ఉంటే ఒంటి మీద ఉండాలి, లేదంటే గుడ్డ మీద ఉండాలి. అంచు మీద ఊగిసలాడేది నగైనా మనిషైనా నాకు నచ్చదు.

సాయంత్రాలు అద్దం ముందు ఇదే పని. చీర మార్చడం, గొలుసు పొడవు మార్చడం, మళ్ళీ విప్పడం. చెప్పుకుంటే సరదాగానే ఉంటుంది. కానీ నగ పెట్టుకున్నాక ఎవరో ఒకరు చూసి బాగుందనో బాలేదనో అనాలి. కనీసం ముఖమైనా చిట్లించాలి. అద్దానికేం, నేను ఏమనుకుంటే అదీ అదే అంటుంది. ఒక్కోసారి పూర్తిగా ముస్తాబై, ఎక్కడికీ వెళ్ళేది లేక, అలాగే స్టవ్ వెలిగించి చారు పెట్టుకునేదాన్ని.

ఇలా ఉండగా ఒక కంపెనీ మేనేజరు దండ ఫోటోకి రమ్మన్నాడు. సినిమాలో హీరోకో హీరోయిన్‌కో చనిపోయిన తల్లి ఉంటుంది కదా, గోడ మీద పటంలో. ఆ పటానికి ఒక మనిషి కావాలి. స్టిల్ ఫోటోగ్రాఫర్ ఒక ఫోటో తీస్తాడు, పెద్దది చేయించి దండ వేస్తారు. మాటలుండవు, నడకుండదు. నిక్షేపంలా బతికున్న మనిషి పటానికి దండేమిటని చాలామంది ఒప్పుకునేవారు కాదు. ఒకావిడకి అత్తగారు వద్దంది, ఇంకొకావిడకి భర్త వద్దన్నాడు. నాకు వద్దనేవాళ్ళెవరున్నారు? సరేనన్నాను.

వద్దన్నది ఒక్క మా ఇంటి యజమానురాలే. కింద వాటాలో ఉండేది, పుట్టి పెరిగిందంతా ఇక్కడే. విని బుగ్గన వేలేసుకుంది. "ఏంది చెల్లె, బతికున్న మనిషికి దండేస్తరా? గిట్ల మంచిగుండదు. జర ఆలోచించు" అంది. ఎవరో నా గురించి అంతమాత్రం బెంగపడ్డారని నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే వెళ్ళి ఫోటో దిగొచ్చాను.

ఆ సినిమా చూస్తే నిజంగా ఏడుపొచ్చింది. చావుకి కాదు, దండకి. అంత ఆలోచించి మీగడ రంగు చీర మీద లోలాకుని సరిగ్గా నడిమధ్య కూర్చోబెడితే, బంతిపూల దండ దాన్ని కప్పేసింది. కెంపూ లేదు, ముత్యాలూ లేవు. పూల మీద నా తలకాయొక్కటే. ఇంక ఊరుకుంటానా? ఆ తర్వాత ఏ దండ ఫోటోకి పిలిచినా, గొలుసుని మెడ వెనక ముడివేసి, లోలాకుని దండ పడే చోటుకి పైన నిలబెట్టేదాన్ని. జమీందారు భార్యనైనా, గుమాస్తా భార్యనైనా, చీరేదైనా, కెంపు మాత్రం దండ పైన మెరవాల్సిందే. పరిశ్రమలో నాకు ఫోటో అమ్మగారు అని పేరు పడిపోయింది. పిల్లలు నా పటం ముందు ఏడ్చేవారు, మొగుళ్ళు నాతో కష్టసుఖాలు చెప్పుకునేవారు. అంత పెద్ద సంసారాలన్నిట్లో నేను గోడ మీదే ఉండేదాన్ని.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం ఇంటావిడ కింద నుంచి కేకేసింది. "చెల్లె, నీకు ఫోనొచ్చింది." దిగి వెళ్ళాను. హీరోయిన్ తల్లి వేషమట. బతికున్న తల్లి. సీను ఒక్కటే గానీ డైలాగ్ ఉంది. "అమ్మాయ్, అన్నం చల్లారిపోతోంది, నాన్నగారు నీ కోసమే కూర్చున్నారు." అంతే. నాకైతే అది పెద్ద గ్రంథమంత అనిపించింది. ఇంటావిడకి చెప్పాను. "మాట్లాడే సీనా? అయితే నేనొచ్చి చూస్త" అంది.

షూటింగ్ దాకా నాకు వేరే ధ్యాస లేదు. గదిలో ఒక్కదాన్నే కంచం పెట్టి, గుమ్మం వైపు తిరిగి, అమ్మాయ్, అన్నం చల్లారిపోతోంది అని పిలిచేదాన్ని. ఒకసారి ముద్దుగా, ఒకసారి కసురుతూ. ఎలా పిలిచినా ఆ అన్నం నేనే తినాలి, అది వేరే సంగతి. చీరలన్నీ మంచం మీద పరిచి, చివరికి చిలకపచ్చ గద్వాల తీశాను. మెడ వెనక ముడి విప్పేశాను. ఈసారి దండ పడదు కదా. లోలాకుని స్వేచ్ఛగా కిందకి దింపాను.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే బంగళా అది. వెనక పెద్ద బండరాయి, ముందు పచ్చగడ్డి. మేకప్‌మాన్ చెవుల దగ్గర కాస్త తెలుపు పూశాడు. భోజనాల బల్ల దగ్గర నిలబెట్టి లైట్లు వేశారు. అప్పుడు కో-డైరెక్టరు నా దగ్గరికొచ్చి ఆగిపోయాడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడే. నా ముఖం కాదు, మెడ చూస్తున్నాడు.

"ఏమండీ, ఈ నెక్లెస్ ఎక్కడో చూశానండీ" అన్నాడు. ఇంకాసేపు చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, మీరు హీరోగారింట్లో గోడ మీదున్నారు కదండీ. నేనే దండ వేయించాను."

సంగతేమిటంటే, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఎప్పుడో వేరే సినిమాకి తీసిన నా పటాన్ని దాచుకుని, ఈ సినిమాలో హీరో తల్లిగా వాడేశారు. ఆ ఇంటి సీన్లన్నీ తీయడం కూడా అయిపోయింది. హీరోకి చచ్చిపోయిన తల్లినీ నేనే, హీరోయిన్‌కి బతికున్న తల్లినీ నేనే.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. "ఆవిడ పోయింది కదయ్యా, మళ్ళీ వచ్చి అన్నానికెలా పిలుస్తుంది?" అన్నాడు. వేరే ఎవరినైనా పిలిపించమని మేనేజరుకి చెబుతున్నాడు. ఆ ఒక్క మాటా నా నోట్లోంచి లాక్కెళ్ళిపోతున్నారు.

"ఇది తీసేస్తే సరిపోతుందాండీ?" అన్నాను.

కొక్కెం విప్పి నెక్లెస్ గుప్పిట్లో దాచుకున్నాను. డైరెక్టరు దూరం నుంచి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చూశాడు. కో-డైరెక్టరు కూడా చూశాడు. ఇద్దరి ముఖాలూ తేలికపడ్డాయి.

"ఇప్పుడెవరో వేరే ఆవిడలా ఉంది. ఎవరికీ తెలీదు, కానిచ్చేయండి" అన్నాడు డైరెక్టరు.

నాకు వేషం దక్కింది. సంతోషించాలి మరి. అన్నేళ్ళు సినిమాల్లో తిరిగిన నా ముఖం, గొలుసు తీసేస్తే ఎవరిదో కూడా తెలియనిదని అంత సులువుగా తేలిపోయింది. బోసి మెడతో హీరోయిన్‌ని అన్నానికి పిలిచాను. ఒక్క టేక్‌లో ఓకే అయింది. డబ్బింగ్‌కి మాత్రం నన్ను పిలవలేదు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు.

సినిమా విడుదలయ్యాక ఇంటావిడ అన్న మాట ప్రకారం నాతో బయల్దేరింది. నేను ఆ చిలకపచ్చ గద్వాలే కట్టుకుని, లోలాకుని పైకి కనిపించేలా వేసుకున్నాను. వేయించిన పల్లీల పొట్లం ఆవిడే కొనుక్కొచ్చింది. సినిమా మొదలైన కాసేపటికే హీరో ఇల్లొచ్చింది. గోడ మీద నేను. దండ పైన కెంపు తళుక్కుమంది.

"చెల్లె, గా గొలుసు నీదే గదా" అని నా మోచెయ్యి పట్టుకుని ఊపేసింది. ముందు వరసలో వాళ్ళు తిరిగి చూశారు. నాకు నవ్వొచ్చింది.

తర్వాత హీరోయిన్ ఇల్లు. భోజనాల బల్ల, చిలకపచ్చ చీర, నేను. ఎవరిదో తీయని గొంతుతో, అమ్మాయ్, అన్నం చల్లారిపోతోంది అన్నాను. పక్కకి చూశాను. ఆవిడ పల్లీలు నములుతూ తెర వైపే చూస్తోంది. సీను అయిపోయింది. పాటొచ్చింది.

ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "మాట్లాడే సీనన్నవ్ గదా, నువ్వెప్పుడొస్తవ్?"

"ఇంకా టైముందక్కా" అన్నాను.

ఇంటర్వెల్లో కూడా ఆవిడ బయటికి రాలేదు, నేనెక్కడ వచ్చి పోతానో అని. సెకండాఫ్‌లో పల్లీల పొట్లం పక్కన పెట్టేసింది. కొత్త మనిషి ఎవరు తెర మీదికొచ్చినా ముందుకి వంగి చూసేది. నా కోసం ఎవరైనా అంతసేపు ఎదురుచూడటం నేనెరగను. వచ్చేసి వెళ్ళిపోయానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. శుభం పడి, లైట్లు వెలిగి, జనం లేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నీ సీను కోసేసిన్రేమో చెల్లె, ఫికర్ చెయ్యకు" అంది. "నీ గొలుసైతే మంచిగ కనబడ్డది."