నాన్న విల్లు, బాబాయి చొక్కా

మా చిన్నప్పుడు... వేరుశనగ చేలో అడవిపందులు పడి ఒక్క రాత్రిలో సగం చేను పెళ్లగించిపోతే, నాన్న విల్లు చెయ్యడానికి కూర్చున్నాడు.

ఒంటి బద్దతో చేస్తే విరుగుతుందని మూడు వెదురు బద్దలు ఒకదాని మీద ఒకటి అతికించాలనుకున్నాడు. గాజుపెంకుతో గీకి నునుపు చేశాడు... నీడలో ఆరబెట్టాడు. వంపు రావడానికి విరిగిన బండిచక్రం సగాన్ని వసారా గుంజకు బిగించాడు. అమ్మ పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసింది. వడ్రంగి జిగురు కాచింది నేను... దోసెల పిండంత చిక్కగా.

"చల్లారకముందే కట్టాలే అమ్మాయ్, బిరాన పుయ్యి!"

నేను పూస్తుంటే, నాన్న జిగురు చేతులతోనే బద్దలను చక్రం మీదకు వంచి, ట్యూబు పట్టీ లాగి లాగి చుట్టాడు. బద్దలు కిర్రుమన్నాయి.

అప్పుడొచ్చాడు బాబాయి... గొడ్డలితో. పొలం గట్టు తగాదాలో తానే నాన్న తలను కర్రతో పగలగొట్టినప్పటి నుంచి మా గడప తొక్కనివాడు.

"నా మీదకేనంటగా ఈ విల్లు? ఊరంతా చెప్పుకుంటంది!"

"పందులకురా సన్నాసీ! దగ్గరికి రామాక, బద్దలు లేస్తయ్!"

"నీకు నేనేగా పందిని!"

గొడ్డలి కట్టు మీద పడింది. ట్యూబు తెగింది. వంగి ఉన్న బద్దలు ఒక్కసారిగా లేచి బాబాయి ముఖాన కొట్టాయి. ఎడమ కన్ను చితికిపోయింది... రక్తం చిమ్మి జిగురు గిన్నెలో పడింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

పడిపోతున్న తమ్ముణ్ణి నాన్న ఒక్క ఉరుకున పట్టుకున్నాడు. ట్రాక్టర్ మీద మాచర్ల దాకా వాటేసుకునే కూర్చున్నాడు. ఆసుపత్రిలో వదలబోతే చేతులు రాలేదు. జిగురూ రక్తమూ కలిసి ఆరి, నాన్న అరచేతులు బాబాయి చొక్కాకు అతుక్కుపోయాయి. నర్సు కత్తెరతో చొక్కా కోసి ఇద్దరినీ విడదీసింది.

ఎలా తగిలిందని డాక్టరు అడిగితే, నాన్న నోరు తెరిచేలోగా బాబాయే చెప్పాడు. "ఎద్దు పొడిచింది సార్."

తర్వాత మిగిలిన కంటితో నాన్న వైపు చూశాడు. "కొత్త చొక్కా అన్నా అది. బాకీ పడ్డావ్."

"కన్ను పోతే చొక్కా గోలేందిరా!" అంటూ నాన్నే ఏడ్చాడు.

ఆ విల్లు మళ్లీ కట్టలేదు. ఆ చొక్కా నాన్న కొననూ లేదు. బాబాయి వస్తూనే "నా చొక్కా ఏది?" అనేవాడు. "ఇస్తాలేరా" అనేవాడు నాన్న. వాళ్ల మాటలు ఎప్పుడూ అక్కడే మొదలయ్యేవి...

నాన్న పోయి ఏడాది. ఈ పొద్దున వాకిలి, అంట్లు, వంట ముగించుకుని, గళ్ల చొక్కా ఒకటి కొని బాబాయికి ఇచ్చొచ్చాను. చానాసేపు తడిమి చూసుకున్నాడు.

"ఎందుకు తెచ్చావే? ఇంక మీ నాన్నని ఏం అడిగేది?"

అయినా తొడుక్కున్నాడు.

ఇప్పుడు చేల చుట్టూ సోలార్ కంచెలు. కోపమొస్తే అన్నదమ్ములు ఒకరి నంబరు ఒకరు బ్లాక్ చేసుకుంటున్నారు... మా బాబాయి గొడ్డలితోనైనా గుమ్మంలోకి వచ్చాడు. మీ ఇళ్లల్లో కొట్టుకుని మళ్లీ కలిసినవాళ్లు ఉంటే, ఏ మాటతో కలిశారో రాయండి, చదువుతాను.

చొక్కా బాకీ... చెల్లు.